171 రెండుసార్లు ఎందుకొచ్చింది?

స్కోర్‌కార్డు చదవడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను ముందుగా చూపించేది 2001 మార్చి నాటి కోల్‌కతా టెస్టు. భారత్ తొలి ఇన్నింగ్స్ 171 ఆలౌట్. అట్టడుగున ఫలితం చూస్తే, భారత్ 171 పరుగుల తేడాతో గెలుపు. ఓడాల్సిన జట్టు గెలవడమేంటి, ఆ తేడా కూడా అదే అంకె కావడమేంటి? అచ్చుతప్పేమో అనిపిస్తుంది.

మొత్తాలు నాలుగూ పక్కపక్కన పెట్టండి. ఆస్ట్రేలియా 445, 212. భారత్ 171, 657/7 డిక్లేర్డ్. ఆస్ట్రేలియా రెండూ కూడితే సరిగ్గా 657. మన రెండో ఇన్నింగ్స్ ఒక్కటే దానికి చెల్లైపోయింది. తొలి ఇన్నింగ్స్ 171 చెక్కుచెదరకుండా మిగిలింది.

లెక్క తేలింది. మరి ఆ 657 ఎలా వచ్చింది? ఐదు రోజుల టెస్టులో 200 పరుగులో అంతకు మించో వెనకబడితే, వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగమనే హక్కు ప్రత్యర్థికి ఉంటుంది. అదే ఫాలోఆన్. మనం వెనకబడింది 274, అందుకే వెంటనే మళ్లీ దిగాల్సి వచ్చింది.

ఇప్పుడు చాలామంది దాటేసే చిన్న అక్షరాల వరుసకు రండి. వికెట్ల పతనం: 1-52, 2-97, 3-115, 4-232, 5-608. నా మటుకు కార్డు మొత్తానికి ప్రాణం ఈ వరుసే. నాలుగో వికెట్ పడేసరికి ఇంకా 42 పరుగులు వెనకే ఉన్నాం. ఐదోది పడింది 608 దగ్గర. ఆ రెండు అంకెల మధ్య 376 పరుగులున్నాయి. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్టూ పడలేదు.

అంతసేపు క్రీజులో నిలిచిన ఆ ఇద్దరెవరు? ‘లక్ష్మణ్ (సి) పాంటింగ్ (బి) మెక్‌గ్రాత్ 281’: క్యాచ్ పట్టింది పాంటింగ్, బంతి మెక్‌గ్రాత్‌ది. ‘ద్రవిడ్ రనౌట్ 180’: ఇక్కడ బౌలర్ పేరుండదు, ఆ వికెట్ ఎవరి ఖాతాలోకీ పోదు. ఈ పేర్లు ఏ స్థానంలో ఉన్నాయో కూడా చూడండి. తొలి ఇన్నింగ్స్‌లో ద్రవిడ్ మూడు, మన హైదరాబాదీ లక్ష్మణ్ ఆరు. రెండోసారి తారుమారు. ఆరో స్థానంలో 59 కొట్టి చివరి వికెట్‌గా వెనుదిరిగిన లక్ష్మణ్‌ను మూడుకు పంపారు. మ్యాచ్ మలుపు ఈ మార్పులోనే ఉందని నా నమ్మకం.

ఆస్ట్రేలియా ఎంత అల్లాడిందో బౌలింగ్ పట్టిక చెబుతుంది. వార్న్ 34-3-152-1 అంటే 34 ఓవర్లు, 3 మెయిడెన్లు, 152 పరుగులు, 1 వికెట్. ఆ పట్టికలో తొమ్మిది పేర్లున్నాయి. హేడెన్, స్లేటర్, లాంగర్‌ల చేత కూడా బౌలింగ్ వేయించారు.

ఇక 384 లక్ష్యం. ఆస్ట్రేలియా 166/3 నుంచి 174/8కి కూలింది. హర్భజన్‌కు ఆరు వికెట్లు. ఈ మ్యాచ్‌లో సచిన్ పరుగులు 10, 10. బ్యాటింగ్ మాత్రమే చదివేవాళ్లు ఆయన్ను అక్కడే వదిలేస్తారు. ఆరు, ఏడు, ఎనిమిదో వికెట్ల ఎదుట చూడండి: గిల్‌క్రిస్ట్, హేడెన్, వార్న్. ముగ్గురూ ఎల్బీడబ్ల్యూ, బౌలర్ టెండూల్కర్.