బాకీయు నేరమును: నాటాలు దేశములో మూడు పౌండ్ల పన్ను చరిత్ర

మనుష్యులు చేయు తప్పిదములు రెండు తెగలుగా నున్నవి. ఒకడు పొరుగువానియొద్ద అప్పు తీసికొని చెప్పిన గడువునకు తీర్చడయ్యెనేని అది బాకీ. బాకీదారునిపై సివిలు కోర్టులో దావా వేయవచ్చును. కోర్టువారు సొమ్ము చెల్లింపుమని తీర్పు చెప్పుదురు. ఒకడు పొరుగువానిని కొట్టెనేని, వాని సొత్తు దొంగిలించెనేని, అది నేరము. దానికి క్రిమినలు కోర్టులో జరిమానాయో ఖైదో విధింతురు. జరిమానా సర్కారునకు చేరును. బాకీ సొమ్ము నష్టపడినవానికి చేరును. ఈ భేదము మిక్కిలి పురాతనమైనది. గొఱ్ఱెను దొంగిలి చంపినవాడు దానికి ప్రతిగా నాలుగింటి నియ్యవలెనని మోషే ధర్మశాస్త్రము విధించినది. సుంకరియగు జక్కయ్యయు అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల చెల్లింతునని ప్రభువు నెదుట ఒప్పుకొనెను. అప్పు తీర్చలేని తోటి దాసుని చెరసాలలో వేయించినవానినో, ప్రభువు తన ఉపమానములో కఠినహృదయునిగా చూపెను.

బాకీని నేరముగా మార్చుట, పేదవానిని ఋణగ్రస్తుని చేసి ఆ ఋణమునకై చెరసాలకు పంపుట, నాటాలు దేశపు తోటలలో తెలుగువారికిని తమిళులకును ఇతర హిందూదేశస్థులకును అనుభవమైన సంగతి. వారి మనుమలును మునిమనుమలును దాని నెఱుగుట మేలు.

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి డర్బను రేవు చేరెను. అందు కూలీలును వారి కుటుంబములును కలిసి 342 మంది ఉండిరి; వారిలో కొందరు క్రైస్తవులు. అది మొదలు 1911వ సంవత్సరము వఱకు సుమారు 1,52,000 మంది నాటాలునకు వచ్చిరి. వారిలో మూడింట రెండు వంతులు చెన్నపట్టణపు రేవున ఓడ నెక్కినవారే. విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాటు మొదలగు జిల్లాల తెలుగువారు వారిలో అనేకులు. వారు వ్రేలిముద్ర వేసిన ఒడంబడికకు ఇంగ్లీషులో అగ్రిమెంటు అని పేరు. కూలీల నోట అది గిర్మిటు అయ్యెను.

ఆ గిర్మిటు ప్రకారము పురుషునకు మొదటి యేట నెలకు 10 షిల్లింగులు జీతము. ఏటేట ఒక్కొక్క షిల్లింగు పెరిగి అయిదవ యేట 14 షిల్లింగు లగును. స్త్రీకి అందు సగము. జీతముగాక బత్తెమును గుడిసెయు దొర ఇయ్యవలెను. కాగితముమీద చూచిన ఇది ఇరుపక్షముల ఒప్పందమే. కాని ఒప్పందము తప్పినప్పుడు ఇరుపక్షములకును శిక్ష సమానము కాదు. మామూలు నౌకరు చెప్పకుండ పని మానినయెడల యజమానుడు వానిపై సివిలు కోర్టులో దావా వేయవలసియుండెను. గిర్మిటు కూలీ అట్లు చేసెనేని వానిని క్రిమినలు కోర్టునకు ఈడ్చి ఖైదులో వేయింప చట్టము అధికార మిచ్చెను. చేసిన పని ఒక్కటే. ఒకనికి బాకీ, మఱియొకనికి నేరము.

ఈ పద్ధతి నాటాలులోనే పుట్టినది కాదు. మారిషస్ ద్వీపమున కూలీ ఒకదినము పనికి రానియెడల రెండు దినముల జీతము పోవు నియమ ముండెడిది. దానికి అచ్చటివారు రెట్టింపు కోత యని పేరు పెట్టిరి. పనిచేయని దినమునకు జీతము లేకపోవుట న్యాయమే. రెండవ దినపు జీతము మాత్రము న్యాయాధిపతి యెదుటికి పోకుండనే దొర చేతిలో పడు జరిమానా.

నాటాలునుండి మొదటి గిర్మిటు ముగించి 1871లో చెన్నపట్టణమునకు మరలిన కూలీలు, దొరలు కొరడాలతో కొట్టించిరనియు, జీతములు పట్టుకొనిరనియు అధికారులతో మొఱ పెట్టుకొనిరి. ఆ మొఱ వ్యర్థము కాలేదు. 1872లో నాటాలు ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. కూలీల సంరక్షణకై ప్రొటెక్టరు అను ఉద్యోగి ఏర్పడెను. పని ఒప్పందము తప్పినందుకు కొరడాదెబ్బల శిక్ష తీసివేయబడెను. అటుపిమ్మట 1874లో కూలీల ఓడలు మరల రాసాగెను. చదువురాని కూలీలు తమకు జరిగినది జరిగినట్లు చెప్పుటచేతనే ఇంత మార్పు కలిగెను.

అయినను చట్టపు బరువు కూలీలమీదనే నిలిచెను. 1891వ సంవత్సరపు 25వ చట్టములో 101వ సెక్షను ఒకటి యుండెను. ఒక తోటలోని కూలీలందరు గాని, వారిలో పెక్కుమంది గాని, దొరమీద ఫిర్యాదు చేయుటకై సెలవు లేకుండ పని విడిచి పోయినయెడల, వారికి 2 పౌండ్లకు మించని జరిమానా గాని, రెండు నెలలకు మించని ఖైదు గాని విధింపవచ్చునని దాని తాత్పర్యము. ఫిర్యాదు అబద్ధమైనచో శిక్షింతు రనుకొందమా? అది కాదు. ఫిర్యాదు నిజమని తేలినను, దొర తప్పే యని తీర్పు వచ్చినను, వెళ్లినందులకు శిక్ష తప్పదని ఆ సెక్షను స్పష్టముగా చెప్పెను. 2 పౌండ్ల జరిమానా యనగా 40 షిల్లింగులు. మొదటి యేటి కూలీకి నాలుగు నెలల జీతము. న్యాయస్థానపు తలుపు తెఱచియే యుండెను. ఆ గడప దాటుటకు మాత్రము నాలుగు నెలల కష్టార్జితము సుంకముగా నిర్ణయింపబడెను.

ఈ చట్టము పనిచేయు విధమును బాలసుందరమను తమిళ కూలీ కథ తెలుపును. 1894లో అతని యజమానుడు అతనిని కొట్టగా రెండు పళ్లు విఱిగెను. రక్తమోడుచు, తలపాగా చేతబట్టుకొని, అతడు డర్బనులో యౌవనస్థుడైన వకీలు గాంధీగారి కార్యాలయమునకు పోయెను. గాంధీగారు డాక్టరుచేత సర్టిఫికేటు వ్రాయించి, అతనిని మేజిస్ట్రేటు నెదుట నిలిపిరి. కొట్టినవానిపై కేసు నడుపుటకంటె బాలసుందరమును ఆ యజమానుని చేతినుండి తప్పించుటయే ముఖ్యమని ఆయన తలచిరి. ఏలయనగా పని విడిచి ఊరకుండిన బాలసుందరమే చట్టము దృష్టిలో నేరస్థుడగును. కావున ప్రొటెక్టరుద్వారా గిర్మిటును మఱియొక యజమానునికి మార్పించిరి. మేజిస్ట్రేటు కొట్టినవానిని దోషిగా తీర్చెను. దెబ్బలు తిన్నవాడు శిక్ష తప్పించుకొనుటయే ఆనాటికి గొప్ప విజయ మయ్యెను.

తరువాత వచ్చినది మూడు పౌండ్ల పన్ను. గిర్మిటు ముగించిన కూలీలు చిన్నచిన్న చెక్కలు కౌలునకు తీసికొని కూరగాయలు పండించిరి; కొందరు అంగళ్లు పెట్టిరి. తెల్లవారిలో అనేకులకు ఇది కంటగింపాయెను. కూలీ కావలెను గాని, గిర్మిటు తీరిన స్వతంత్రుడు అక్కఱలేదని వారి తలంపు. తలకు ఏటికి 25 పౌండ్ల పన్ను వేయవలెనని నాటాలు ప్రభుత్వము మొదట ఉద్దేశించెను. అప్పుడు హిందూదేశమునకు వైస్రాయిగా నుండిన ఎల్గిను ప్రభువు అంతకు సమ్మతింపక 3 పౌండ్లకు ఒప్పుకొనిరి. ఆ ప్రకారము 1895వ సంవత్సరపు 17వ చట్టము పుట్టెను. ఆ చట్టము తరువాత వచ్చిన కూలీకి గిర్మిటు ముగిసినప్పుడు మూడు దారులు: స్వదేశమునకు మరలుట, మరల గిర్మిటు వ్రాయుట, లేదా ఏటేట 3 పౌండ్లు చెల్లించి లైసెన్సు పుచ్చుకొనుట.

లెక్క చూచిన దీని భావము తేటపడును. 3 పౌండ్లనగా 60 షిల్లింగులు. అయిదవ యేటి కూలీ జీతము చొప్పున నాలుగు నెలలకు పైబడిన సంపాదన. 1903లో ఈ పన్ను 16 ఏండ్లు నిండిన మగపిల్లలకును 13 ఏండ్లు నిండిన ఆడపిల్లలకును విస్తరింపబడెను. తండ్రి, తల్లి, ఎదిగిన కొడుకు, కుమార్తె గల కుటుంబమున కిప్పుడు ఏటికి 12 పౌండ్లు. నెలకు 14 షిల్లింగులు తెచ్చువాని సంవత్సరపు జీతము 8 పౌండ్ల 8 షిల్లింగులు మాత్రమే. ఇంటివాడు ఏడాది పొడుగున ఒక గింజయైనను తినక కూడబెట్టినను పన్ను తీఱదు.

ఆ 1903వ సంవత్సరముననే నెల్లూరు తెలుగు బాప్తిస్టు సంఘములు పంపిన జాన్ రంగయ్యగారు నాటాలు చేరి, కియర్స్నీ తేయాకుతోటలో తెలుగు క్రైస్తవుల సంఘమును స్థాపించిరి. తోటలోని విశ్వాసులు గుడి కట్టుకొను దినములును, వారివంటి కుటుంబముల పిల్లలమీద పన్ను పడిన దినములును ఒక్కటే.

పన్ను కట్టలేనివారి గతి యేమి? చట్టములో అది మొదట సివిలు బాకీవంటిదే. అధికారి మేజిస్ట్రేటు నెదుట కేసు వేయును. మేజిస్ట్రేటు చెల్లింపుమని ఉత్తరువిచ్చును. చేత డబ్బు లేనివాడు ఆ ఉత్తరువును నెఱవేర్చలేడు. అప్పుడు కోర్టు ఉత్తరువును మీఱినాడను నెపముతో, అనగా కోర్టు ధిక్కార మను నేరముతో, వానిని ఖైదుకు పంపెడివారు. పేదఱికము చెరసాలలో ధిక్కారమను పేరు దాల్చెను. ఖైదు అనుభవించి వెలుపలికి వచ్చినవానికి పన్ను తీఱినదా యనిన, అదియు లేదు. వచ్చు ఏటి పన్ను వాకిట కాచుకొని యుండెను. భర్త విడిచిన స్త్రీలును విధవలును కూడ ఇట్లు చెరసాల చూచిరి. 1910లో ఒక చట్టము చేసి, పేదఱికము, రోగము మొదలగు కారణములచేత స్త్రీలను మన్నించు అధికారము మేజిస్ట్రేటుల కిచ్చిరి. అది దయయే గాని హక్కు కాదు. ఒక మేజిస్ట్రేటు మన్నించిన మఱియొకడు మన్నింపకపోవచ్చును.

ఈ చెరసాల భయమునకు లోబడి వేలకొలది జనులు మరల గిర్మిటు వ్రాసిరి. పన్నువలన ఖజానాకు వచ్చిన సొమ్ముకంటె, తోటలకు మరల దొరికిన చేతులే తోటదొరలకు ముఖ్యమైన లాభము.

1912లో గోఖలేగారు దక్షిణాఫ్రికాకు వచ్చి మంత్రులతో మాటలాడిరి. పన్ను తీసివేయుటకు వారు మాట యిచ్చిరని ఆయన నమ్మిరి. ఆ మాట నెఱవేఱకపోగా 1913వ సంవత్సరమున సత్యాగ్రహము లేచెను. అక్టోబరులో న్యూకాసిలు బొగ్గుగనుల కూలీలు పని మానిరి. నవంబరు 6వ తేదీన 2,037 మంది పురుషులును, 127 మంది స్త్రీలును, 57 మంది పిల్లలును గాంధీగారితో ట్రాన్సువాలు సరిహద్దు దాటి నడచిరి. పిమ్మట సముద్రతీరపు చెరకుతోటలలోని కూలీలు వేలకొలది పని విడిచిరి. గిర్మిటు కూలీకి పని మానుటయే నేరము గనుక వీరందరు చట్టమున నేరస్థులైరి. చెరసాలలు చాలక, గనుల ఆవరణములనే చెరసాలలుగా ప్రకటించి, కూలీలచేత అక్కడనే బలవంతముగా పని చేయించిరి. కొన్ని తోటలలో కాల్పులు జరిగి కూలీలు మరణించిరి. గాంధీగారికి డండీ కోర్టులో 60 పౌండ్ల జరిమానా లేక తొమ్మిది నెలల ఖైదు విధింపబడగా, ఆయన జరిమానా కట్టక ఖైదునే కోరుకొనిరి. జరిమానా చెల్లించుట తప్పు ఒప్పుకొనుటవంటి దని సత్యాగ్రహుల యెన్నిక.

ఆ నెలలోనే వైస్రాయి హార్డింజి ప్రభువు చెన్నపట్టణమున బహిరంగముగా కూలీల పక్షమున మాటలాడిరి. దక్షిణాఫ్రికా ప్రభుత్వము సాలమను అను న్యాయాధిపతి అధ్యక్షతను విచారణసంఘము నేర్పఱచెను. అందు హిందూదేశస్థుడు ఒక్కడైనను లేడు. అట్టి సంఘమే పన్ను రద్దు చేయవలెనని 1914వ సంవత్సరము మార్చిలో వ్రాసెను. ఆ యేటి 22వ చట్టము మూడు పౌండ్ల పన్నును తీసివేసి, పాత బాకీలను కూడ మాన్పెను.

పన్ను పోయినను, పని ఒప్పందము తప్పుటను నేరముగా నెంచు యజమాని-నౌకరు చట్టములు పోలేదు. ఆఫ్రికా దేశస్థులైన కూలీలమీద ముఖ్యముగా ప్రయోగింపబడుచు అవి 1974 వఱకు నిలిచెను. మఱి బాకీకై ఖైదు సంగతి యేమి? అదియు 1995 వఱకు మిగిలియుండెను. కోర్టు తీర్పు ప్రకారము అప్పు తీర్చనివానిని కోర్టు ధిక్కారమను పేరుతోనే 90 దినముల వఱకు ఖైదుకు పంపు అధికారము మేజిస్ట్రేటులకు ఉండెను. ఆ యేట రాజ్యాంగ న్యాయస్థానమువారు అది మనుష్యుని స్వాతంత్ర్యమునకు విరుద్ధమని కొట్టివేసిరి. మూడు పౌండ్ల పన్ను కట్టలేనివారిని చెరకు పంపిన పేరే, ఎనుబది యేండ్ల తరువాత అట్లు తొలగిపోయెను.

అయినను ఈ భేదమును తెలిసి మసలుకొనవలెను. అంగడివాని బాకీయు కంతుల సొమ్మును తీర్చకపోయినంతమాత్రమున దక్షిణాఫ్రికాలో ఇప్పుడు ఎవరును చెరకు పోరు. అట్లని కోర్టు కాగితము రాగా చించివేయరాదు. జీతములోనుండి కోసి యిప్పించు అధికారము కోర్టునకు కలదు. భార్యాబిడ్డల పోషణకై కోర్టు విధించిన సొమ్మును కావలెనని ఎగవేయుట మాత్రము నేరమే. దానికి ఖైదు కలదు. నేరమునకు విధించిన జరిమానా కట్టనివానికిని ఖైదు రావచ్చును. కావున చేతికి వచ్చిన కాగితము బాకీదా, నేరముదా యని మొదట అడిగి తెలిసికొనుట, చెల్లించిన ప్రతి సొమ్మునకు రసీదు భద్రపఱచుట, తెలియనిచో తెలిసినవారి నడుగుట వివేకము.

ఆనాటి కూలీకి చదువు లేదు. ఏ కాగితముమీద వ్రేలిముద్ర వేయుచున్నాడో వానికి తెలియదు. అయినను రెండు పళ్లు పోగొట్టుకొన్న బాలసుందరము, చెన్నపట్టణమున మొఱపెట్టిన మొదటి కూలీలు, 1913లో పనిముట్లు దించి నడచిన స్త్రీపురుషులు, తమకు జరిగినది అన్యాయమని తెలిసికొని నోరు తెఱచి చెప్పిరి. వారు పోగొట్టుకొన్న జీతములకును చెరసాల దినములకును లెక్క లేదు. వారి పిల్లల పిల్లలు నేడు పన్ను లేకుండ తమ యిండ్లలో కూర్చుండి ఈ పంక్తులను చదువుటయే వారి రసీదు.