దివాలా చట్టము: ఋణగ్రస్తుని కథ

“ఫలానివాఁడు ఐ.పి. పెట్టినాఁడు” అను మాట మన యూళ్లలో నిందగా వినఁబడుచుండును. ఐ.పి. యనఁగా ఇన్సాల్వెన్సీ పిటీషను. దాని చరిత్ర తెలిసినచో ఆ నింద కొంత తగ్గును.

పూర్వము బాకీ తీర్పలేనివానికి తఱచుగాఁ జెఱసాలయే గతి. చెఱలో నున్నవాఁడు సంపాదింపలేఁడు. సంపాదింపనివాఁడు అప్పు తీర్పలేఁడు. ఈ విపరీతమును గుర్తించి బ్రిటిషు పార్లమెంటు మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరములకు 1828లోను 1848లోను దివాలా శాసనములు చేసెను. జిల్లాలకుఁ బ్రత్యేక చట్టము 1907లో వచ్చెను; 1920లో దానిని తిరుగ వ్రాసిరి.

ఈ 1920 చట్టము ననుసరించి, 500 రూపాయలకుఁ దక్కువ కాని అప్పుండి తీర్పఁజాలనివాఁడు కోర్టులో అర్జీ పెట్టుకొనవచ్చును. దివాలా ప్రకటించిన పిమ్మట రిసీవరు ఆస్తి నమ్మి ఋణదాతలకుఁ బాళ్ల చొప్పునఁ బంచును. అయితే వంటపాత్రలు, కట్టుబట్టలు, పనివాని పనిముట్లు, సేద్యగాని యెడ్లు, స్త్రీ మెడలోని మంగళసూత్రము—వీనిని ముట్టరాదు. అర్జీకి ముందు రెండేండ్లలోఁ బ్రతిఫలము లేక బంధువుల పేర వ్రాసిన దస్తావేజులను మాత్రము కోర్టు రద్దు చేయవచ్చును. తుదకు విడుదల దొరకినచో, ప్రభుత్వ బాకీలు, మోసపు టప్పులు మొదలగునవి తప్పఁ బాతభారము తీఱును.

2016లో పార్లమెంటు క్రొత్త స్మృతిని జేసెను. అందు వ్యక్తుల భాగము 2019లో కంపెనీల అప్పులకు జామీను నిలిచినవారి విషయమున మాత్రమే అమలులోనికి వచ్చెను.

శ్రోతలారా! అర్జీ పెట్టినవాఁడెల్ల మోసగాఁడు కాఁడు; ఆస్తి దాఁచినవాఁడే మోసగాఁడు. చెడినవాఁడు మరల నిలిచి బ్రదుకుటకే యీ చట్టము పుట్టినది.