కత్తిపీట గాటు

వంటింట్లో వేలు తెగని ఇల్లాలు, చెయ్యి చురుక్కున కాలని ఇల్లాలు మనలో ఎవరైనా ఉన్నారా, చెప్పండి? కత్తిపీట మీద వేలు తెగితే మా అమ్మ ఇంత కాఫీపొడి అద్ది, పాత చీరపేలిక చుట్టుకుని మళ్ళీ వంకాయలు తరగడానికి కూర్చునేది. “ఏముందే, చిన్న గాటేగా!” అనేది. ఒకసారి ఆ చిన్న గాటే చీముపట్టి, నెల్లాళ్ళు కుడిచేత్తో అన్నం కలుపుకోలేకపోయింది.

మనం మందులషాపులో కొనే బ్యాండ్ ఎయిడ్ కూడా ఇలాంటి వంటింటి గాటులోంచే పుట్టిందంటే నమ్ముతారా? 1920లో, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఎర్ల్ డిక్సన్ అనే అతను జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీకి పత్తి కొనే ఉద్యోగం చేసేవాడు. వంట చేస్తూంటే అతని భార్య జోసెఫిన్‌కి తరచు వేళ్ళు తెగేవి, కాలేవి. కట్టిన గుడ్డ పనిలో జారిపోయేది. ఒంటిచేత్తో మళ్ళీ కట్టుకోవడం ఎలా? అందుకని డిక్సన్ అంటుకునే టేపు మీద ఎడంఎడంగా గాజుగుడ్డ ముక్కలు పెట్టి, పైన మరో గుడ్డ కప్పి, చుట్టచుట్టి ఇచ్చాడు. కావలసినంత కత్తిరించుకుని ఆవిడే అంటించుకోవచ్చు. 1921లో కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. మొదట చేత్తోనే చేసేవారు. 1924లో యంత్రాల మీద చేయడం మొదలైంది.

“గాయాన్ని కప్పకూడదు, గాలి తగలాలి” అంటారు పెద్దవాళ్ళు. కానీ 1962లో జార్జి వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పందుల మీద పరిశోధించి, ఎండి పక్కుకట్టిన గాయం కన్నా, కప్పి లోపలి చెమ్మ ఆరకుండా ఉంచిన గాయం మీదే కొత్త చర్మం త్వరగా వస్తుందని చూపించాడు.

అయితే కప్పేముందు కడగాలి. తెగితే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టండి. రక్తం ఆగాక కుళాయి ధార కింద కడిగి, తడి అద్ది, పట్టీ వెయ్యండి. కాఫీపొడి వద్దు. గాటు లోతుగా దిగినా, మట్టి పడినా ధనుర్వాతం ఇంజక్షను సంగతి డాక్టరుని అడగండి. కాలితే వెంటనే గాజులు, ఉంగరాలు తీసేసి, 20 నిమిషాలు చల్లటి కుళాయినీళ్ళ కింద పెట్టండి. సిరా, టూత్‌పేస్టు, వెన్న, ఐసు ఏవీ వద్దు. బొబ్బ చిదపకండి. అరచేతంత మేర కాలినా, ముఖం మీద కాలినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

జోసెఫిన్ గాటుని భర్త పట్టించుకున్నాడు. మా అమ్మ గాటుని ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడతో సహా. పిల్లాడి మోకాలు గీరుకుంటే పరుగెత్తే మనం, మన వేలికి మాత్రం “తర్వాత చూద్దాంలే” అంటాం. ఈసారి స్టవ్వు ఆర్పండి. కూర అయిదు నిమిషాలు ఆగుతుంది. ముందు వేలు కడుక్కోండి.