ఆరుద్ర: డిటెక్టివ్ నవల నుంచి సాహిత్య చరిత్ర దాకా

ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి. 1925 ఆగస్టు 31న విశాఖపట్నంలో పుట్టారు. మద్రాసులో స్థిరపడి, కలం మీదే బతికారు. 1998 జూన్ 4న కన్నుమూశారు.

రజాకార్ల దురాగతాలపై ‘త్వమేవాహం’ కావ్యం రాసిన ఆయనే ‘పలకల వెండి గ్లాసు’ వంటి డిటెక్టివ్ నవలలూ, సినిమా పాటలూ రాశారు. ‘రాముడికి సీత ఏమౌతుంది?’లో దేశదేశాల రామకథలను పోల్చి చూశారు. ‘గురజాడ గురుపీఠం’ వ్యాసాలకు 1987లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అనేక సంపుటాల ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’లో తెలుగు సాహిత్య చరిత్రను యుగాల వారీగా చెప్పారు. తమిళనేలను ఏలిన నాయకరాజుల కాలపు తెలుగూ అందులో ఉంది. అంటే అది మన చరిత్ర కూడా.

2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక, హోసూరు, కృష్ణగిరి ఇళ్లలో తెలుగు మాట నిలిచినా, చదువు సన్నగిల్లుతోంది. పిల్లల చేతికి ముందే సాహిత్య చరిత్ర ఇస్తే పక్కన పెట్టేస్తారు. దొంగ ఎవరో తెలుసుకోవాలన్న ఆత్రం ఉంటే అక్షరాలు కూడబలుక్కుని అయినా చదువుతారు. అందుకే ఆరుద్రను డిటెక్టివ్ నవలతో మొదలుపెట్టించమని మేము పెద్దలను కోరుతున్నాం. చరిత్ర దగ్గరికి వాళ్లే వస్తారు.