ఉక్కు: మూసలో పుట్టుక, సమ్మెట కింద రూపాంతరం

తెలుగులో ‘ఉక్కు’ అనే మాటకు లోహమనీ, బలమనీ రెండర్థాలున్నాయి. ద్రావిడ భాషాశాస్త్రజ్ఞులు దీనిని, కరగడమనే అర్థమున్న తమిళ ‘ఉరుకు’ ధాతువుతో ఒకే కుదురులో చేర్చారు. అనగా కరిగించి పొందిన లోహమనే సంగతి ఈ పేరులోనే ఇమిడి ఉంది. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలోని ‘ఊట్జ్’ అనే మాట కన్నడ, తెలుగు ‘ఉక్కు’కు వికృతరూపమని పలువురి అభిప్రాయం. అయితే ఈ ఉక్కు ఖ్యాతిలో మూస పట్టినవారి పాలెంత, సమ్మెట పట్టినవారి పాలెంత? ఈ ప్రశ్నకు లోహపు సూక్ష్మనిర్మాణమే సాక్ష్యం.

నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో ఉక్కు తయారీని భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ స్వయంగా చూసి వర్ణించాడు. ఆ వర్ణన ఆయన మరణానంతరం 1832లో వెలువడింది. ఇస్ఫహాన్ వర్తకుడొకడు ఆ ఊళ్లోనే ఉండి సరుకు కొనడం అందులో గమనార్హం. రెండు రకాల ఇనుమును మట్టిమూసలలో మూసివేసి కరిగించేవారు. ద్రవాన్ని అచ్చులలో పోయక, మూసలోనే గడ్డకట్టనిచ్చేవారు.

ఈ నిదానంలోనే కీలకముంది. సుమారు 1.5 శాతం కర్బనమున్న ద్రవం మెల్లగా చల్లారేటప్పుడు చెట్టుకొమ్మల వంటి స్ఫటికాలు, అనగా డెండ్రైట్లు, ఏర్పడతాయి. చివరగా గడ్డకట్టే కొమ్మల నడిమి భాగాలలో వెనేడియం వంటి స్వల్ప మలినాలు పోగవుతాయి. దిమ్మలో కంటికి కనబడని ఈ అసమానతే రాబోయే చారలకు బీజం.

దానిని మొలకెత్తించేది కమ్మరి. మితమైన వేడిలో పదేపదే కాల్చి సాగగొట్టినప్పుడు డెండ్రైట్ల అమరిక పలుచని పొరలుగా మారుతుంది. మలినాలున్న పొరల వెంబడి సిమెంటైట్ కణాలు క్రమంగా బారులు తీరుతాయి. ఆమ్లం పూసినప్పుడు కత్తిపై నీటి అలల వలె కనిపించేవి ఈ బారులే. వేడి మితిమీరితే అధిక కర్బనపు ఉక్కు సమ్మెట దెబ్బకు చిట్లిపోతుంది. ఐరోపా కమ్మరులు పలువురు విఫలులైంది ఇక్కడే.

1819లో మైకేల్ ఫారడే ఈ ఉక్కు గుణాలకు కారణాన్ని అల్యూమినియం వంటి మూలకాలలో వెదికాడు. వెనేడియం పాత్రను 1990లలో జాన్ వర్హోవెన్, కత్తుల తయారీదారు ఆల్‌ఫ్రెడ్ పెండ్రే కలిసి ప్రయోగపూర్వకంగా నిరూపించారు. ప్రయోగశాలకు కొలిమి తోడైన తర్వాతనే చిక్కుముడి విడింది.

దమాస్కస్ ఖడ్గాలన్నీ కోనసముద్రపు దిమ్మలే అనడం చరిత్ర కాదు. మూస ఉక్కు కర్ణాటక, తమిళ ప్రాంతాలలోను, శ్రీలంకలోను, మధ్య ఆసియాలోని మెర్వ్‌లోను తయారైంది. అట్లని ఆ ఖ్యాతినంతా ఖడ్గకారులకే కట్టబెట్టడమూ న్యాయం కాదు. దిమ్మలో బీజం లేనిదే చార పుట్టదు; సమ్మెట పడనిదే అది బయటపడదు. ‘ఉక్కు’ అనే పదం కరిగించినవారిని గుర్తుంచుకుంది. ‘దమాస్కస్’ అనే పేరు వారిని మరుగుపరచింది. లోహం మాత్రం ఇద్దరి చేతిపనినీ తనలో దాచుకుంది. పదచరిత్రను లోహశాస్త్రంతో కలిపి చదివినప్పుడే ఆ ఇద్దరూ మనకు కనిపిస్తారు.