భువనగిరి శిల – హిమాలయపు గాలి

హైదరాబాదు నుండి వరంగల్లు వైపు పోయే రైలులో కూర్చున్నవారికి భువనగిరి కొండ చాలా దూరం నుండే కనిపిస్తుంది. సుమారు 500 అడుగుల ఎత్తున లేచిన ఏకశిల అది. 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండేది. పశ్చిమ చాళుక్య చక్రవర్తి, త్రిభువనమల్ల బిరుదాంకితుడు ఆరవ విక్రమాదిత్యుడు (1076–1126) దానిపై కోట కట్టించాడని ప్రసిద్ధి. శత్రువు ఎక్కలేడన్న ధీమాతో ఎన్నుకొన్న ఆ నున్నని శిలయే, మన కాలంలో ఎక్కడం నేర్పే బడి అయింది.

ఆ బడిలో ఓనమాలు దిద్దినవారే మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులైన ఈ ఇద్దరూ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు నిండలేదు.

భువనగిరి వారికి ఏమి నేర్పింది? కాలు ఎక్కడ ఆనుతుందో, త్రాటిని ఎంత నమ్మవచ్చునో నేర్పింది. శిల మారకపోయినా దానిమీది వాతావరణం మారుతుందనీ నేర్పింది. ఎండకాలం మధ్యాహ్నం బండ అరచేతిని కాలుస్తుంది. చెమటకు పట్టు జారుతుంది. వాన పడితే అదే బండ నూనె పూసినట్లవుతుంది. ఉరుము వినిపిస్తే మిట్టపైన నిలువరాదు, దిగిపోవలసిందే.

కాని ఆ శిల నేర్పలేని పాఠాలు రెండున్నవి: చలి, పలుచని గాలి. అందుకే వారు డార్జిలింగులోను, లడఖ్‌లోను శిక్షణ పొందారు. 8,848 మీటర్ల ఎత్తున వాయుపీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడవ వంతు మాత్రమే. గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు, గాలియే పలుచనవుతుంది. తొందరపడి ఎక్కినవాని ఊపిరితిత్తులలోనో మెదడులోనో నీరు చేరి ప్రాణాపాయం కలుగవచ్చు. పగలు పైకి ఎక్కి, రాత్రి క్రిందికి దిగి నిద్రించి, శరీరాన్ని వారాల తరబడి మచ్చిక చేసికోవాలి. ఎంతటి కండబలమూ దీనికి బదులు కాదు.

ఇక గాలి సంగతి. శీతకాలమంతా ఆ శిఖరాన్ని ఆకాశపు పై పొరలలోని ప్రచండవాయువు కోస్తుంది. మే నెలలో అది ఉత్తరానికి తొలగుతుంది. వెనువెంటనే ఋతుపవనాల మంచు వస్తుంది. ఈ రెంటి నడుమ దొరికేవి కొన్ని ప్రశాంత దినాలే. టెన్సింగు, హిల్లరీలు శిఖరం చేరినది 1953 మే 29న. అరవై యొక్క ఏండ్ల తరువాత మన పిల్లలు చేరినదీ మే చివరివారంలోనే. ఇది కాకతాళీయం కాదు. మనిషి సిద్ధపడి కూర్చుంటాడు. ముహూర్తం పెట్టేది గాలి.

ఆ ముహూర్తమైనా అభయపత్రం కాదు. పిల్లలు టిబెట్టు వైపు నుండి ఎక్కిన ఆ ఏడే, ఏప్రిల్ 18న, నేపాలు వైపు హిమపాతం పదహారుగురిని బలిగొన్నది. 2006లో 172 దినాలలో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కిన నెల్లూరు జిల్లా వీరుడు మల్లి మస్తాన్ బాబు 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో ప్రాణాలు విడిచాడు. అనుభవం ఆయనకు కొరవడలేదు.

కనుక భువనగిరి మెట్లెక్కే పిల్లలకు ధైర్యం ఒక్కటే నూరిపోస్తే చాలదు. మబ్బును చూడడం, ఆగడం, అవసరమైతే శిఖరం కంటికి కనిపిస్తున్నా వెనుదిరగడం నేర్పాలి. కొండ రేపూ అక్కడే ఉంటుంది. ఎక్కేవాడు కూడా ఉండాలి కదా!