కొండగుహలో బస

నెల్లూరు తీరమున పులికాటు సరస్సునుండి ఉత్తరముగా పోయినచో ఇసుకదిబ్బలు, ఉప్పుమడులు, వరికయ్యలు కనబడును, కొండ కనబడదు. ఇసుకను తొలిచి గుహ చేయుట సాధ్యము కాదు. గుహలను చూడగోరువారు తీరమును విడిచి, పడమట వెలిగొండల వైపు పోవలెను. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో నుండి, తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన భైరవకోన అచ్చటనే కలదు. అచ్చట వాగు ప్రక్కన కొండచరియను తొలిచి ఎనిమిది శివాలయములను మలచిరి. అయితే అవి దేవునికొరకు చేసిన గుహలు. మనుష్యుడు బసచేయుటకు తొలిచిన గుహలు ఎట్లుండును?

వర్షాకాలమున మూడు నెలలు సంచారము మాని ఒకచోట నుండుట బౌద్ధభిక్షువుల నియమము. వారికి అనుమతింపబడిన అయిదు విధముల నివాసములలో గుహ యొకటి. క్రీ. పూ. 3వ శతాబ్దిలో అశోకుడు బీహారునందలి బరాబర్ కొండలలో గుహలను తొలిపించి ఆజీవకులను సన్న్యాసులకు దానము చేసెను. అతని మనుమడు దశరథుడు సమీపమున నాగార్జుని గుట్టపై ఇచ్చిన గుహలు వర్షాకాల నివాసమునకే యని శాసనములు చెప్పుచున్నవి.

ఆంధ్రదేశమున ఇట్టి నివాసములను ఏలూరునకు ఉత్తరముననున్న గుంటుపల్లిలో చూడవచ్చును. ఇవి క్రీ. పూ. 2వ శతాబ్దినాటికే మొదలైనవి. అచ్చటి ఇసుకరాయి ఉలికి లొంగును. తొలిచిన పిదప కూలక నిలుచును. భిక్షువుల గదులను కొండచరియలోనే తొలిచిరి. గుండ్రని చైత్యగుహ కప్పులో గుడిసె వాసములను పోలిన రాతి వాసములను చెక్కిరి. కొయ్య ఇంటికి అలవాటుపడిన చేయి రాతిలోను ఆ రూపమునే విడువలేదు.

గుహ వేసవిలో చల్లగా నుండుటకు కారణమేమి? పగటివేడి రాతిలోనికి మెల్లగా ప్రాకును. ఒక మీటరు లోతునకు పోవుసరికి పగలు, రాత్రి అను భేదము దాదాపు నశించును. ఇంకను పెక్కు మీటర్ల లోపల ఋతుభేదము కూడ మిక్కిలి తగ్గి, రాతి ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు సంవత్సర సగటునకు చేరువగా నుండును. నెల్లూరులో వేసవి మధ్యాహ్నము 40 డిగ్రీలు దాటును. సంవత్సర సగటు సుమారు 29 డిగ్రీలు. టర్కీలోని కప్పడోషియాలో సగటు 11 డిగ్రీలకు మించదు. కావున అచ్చటి గుహలో వేసవియందు హాయి, శీతకాలమున కుంపటి అవసరము.

కప్పడోషియా శిల అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడినది. అది తొలుచుటకు మెత్తనిది. కాని అదే మెత్తదనమువలన వానకు, గాలికి అరిగిపోవును. రాళ్లు విరిగిపడు ప్రమాదముచేత 1952లో జెల్వె గ్రామస్థులను అచ్చటినుండి తరలించిరి. అదే సంవత్సరమున ఇటలీ ప్రభుత్వము మతేరా పట్టణములోని గుహగృహముల ప్రజలను క్రొత్త ఇండ్లకు తరలించుటకు చట్టము చేసెను. అచ్చట వెలుతురు, గాలి చాలని తడిగదులలో పశువులతో కలిసి జీవించిన కుటుంబములు వ్యాధులకు గురియైనవి. నేడు ఈ రెండు ప్రాంతములలోను పాతగుహలు పెక్కు హోటళ్లుగా మారినవి. నాడు పేదలను రోగగ్రస్తులను చేసిన గదినే నేడు యాత్రికుడు సొమ్మిచ్చి కోరుచున్నాడు. రాయి మారలేదు, గాలి, నీరు, వెలుతురు వచ్చుటకు చేసిన ఏర్పాట్లు మారినవి.

కావున గుహలో బసచేయువారు అలంకారములకంటె ముందుగా కొన్నిటిని పరీక్షింపవలెను. కప్పులో క్రొత్త పగుళ్లు గాని, నేలపై అప్పుడే రాలిన పెళ్లలు గాని ఉన్నచో ఆ గది పనికిరాదు. గోడపై తెల్లని ఉప్పుపొర కనబడినచో రాతిలో నీరు ఊరుచున్నదని గుర్తు. ద్వారముగాక గాలి పోవుటకు వేరొక మార్గముండవలెను. నల్లరాతి కొండలలో స్వల్పముగా యురేనియము ఉండుటచే రేడాన్ వాయువు పుట్టును. గాలి కదలని గుహలో అది చేరి, దీర్ఘకాలము పీల్చినవారి ఊపిరితిత్తులకు హాని చేయును. వానకాలమున వాగు పొంగినచో బయటపడు దారి ఏదియో కూడ ముందే తెలిసికొనవలెను.

భైరవకోనకు గాని, గుంటుపల్లికి గాని విద్యార్థులను తీసికొనిపోవు ఉపాధ్యాయులు ఒక ఉష్ణమాపకమును వెంట తీసికొనిపోవుట మంచిది. గుహ ముందు నీడలోను, లోపలి గోడ చెంతను మధ్యాహ్నమొకసారి, సాయంకాలమొకసారి ఉష్ణోగ్రతను చూచి వ్రాసికొన్నచో, పూర్వులు కొండను ఏల ఆశ్రయించిరో ఆ నాలుగు అంకెలే తెలుపును.